వాటా తెగదన్న మాట నిజమేనా?



కొన్ని నెలల క్రితం తెలంగాణలోని ఒక గ్రామంలో, మాకు బంధుత్వమున్న ఒక ఇంట, ఆస్తి పంపకం కోసం పెద్దలు సమావేశమయ్యారు. ఇంటి యజమాని మరణించి అప్పటికి ఐదు నెలలు గడిచాయి. ఆయన తండ్రి అంతకు చాలా ముందే గతించారు. వృద్ధురాలైన తల్లి, భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు వారసులుగా మిగిలారు. అంత్యక్రియల ఖర్చులు, బాకీలు, భార్యకు చెల్లించవలసిన మహర్ అన్నీ తీరిపోయాయి. వసీయత్ ఏదీ లేదు. పంచవలసినది 4 ఎకరాల 32 గుంటల భూమి.

మృతుని బావమరిది పెద్దరికం వహించి ఇలా అన్నారు: "తల్లికి ఆరో వంతు, భార్యకు ఎనిమిదో వంతు అని మౌల్వీ సాహెబ్ చెప్పారు. భూమిని ఆరు ముక్కలు చేస్తే ఎనిమిదో వంతు దొరకదు. ఎనిమిది ముక్కలు చేస్తే ఆరో వంతు దొరకదు. ఆ పైన మిగిలినదాన్ని కొడుక్కి రెండు, కూతుళ్ళకు ఒక్కొక్కటి చొప్పున పంచాలట. ఈ లెక్క తెగేది కాదు. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు బావ ఎలాగూ ఖర్చు పెట్టారు. చెరో కొంత డబ్బు చేతిలో పెట్టి సంతకాలు తీసుకుందాం. భూమి అబ్బాయి పేరిట ఉండనీయండి."

మేము ఆ చాప మీదనే కూర్చుని ఉన్నాము. జరుగుతున్నది అన్యాయమని మాకు తెలుసు. అయితే లెక్క ఎలా తెగుతుందో చెప్పమని ఎవరైనా అడిగితే చెప్పే ధైర్యం లేక మౌనం వహించాము. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతూనే రాస్తున్నాము.

అప్పుడు పరదా వెనుక నుండి చిన్న కుమార్తె గొంతు వినిపించింది. "మామూ, అడ్డొస్తున్నందుకు మన్నించండి. ఆరూ ఎనిమిదీ రెండూ ఇరవై నాలుగులో సరిగ్గా పోతాయి కదా. ఇరవై నాలుగు భాగాలు చేసి చూడండి." ఆమె పక్క ఊరి బడిలో పిల్లలకు లెక్కలు చెబుతారు.

సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఎవరో కాగితం, కలం తెచ్చి మా ముందుంచారు. ఆ కాగితం మీద ఏమి రాశామో ఈ మాసం మీకు వివరించదలచాము. ఎందుకంటే, "లెక్క తెగదు" అన్న ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఎన్నో ఇళ్ళలో ఆడబిడ్డల వాటా ఆగిపోతున్నది. ఆ మాట నిజం కాదు. ఆరో తరగతి పిల్లల పుస్తకంలోని రెండు పాఠాలు, గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం, ఆ మాటను తుడిచివేయడానికి చాలు.

ఆరు వంతులు, ఏడు మూలసంఖ్యలు

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 11, 12, 176వ ఆయతులలో వారసుల వాటాలు పేర్కొనబడ్డాయి. అక్కడ కనిపించే వంతులు ఆరు మాత్రమే. సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు ఒక వరుస. మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు మరొక వరుస. ఒక్కో వరుసలో ప్రతి వంతూ దాని ముందున్నదానిలో సగం.

ఈ భిన్నాల హారాలు 2, 3, 4, 6, 8. ఏ కుటుంబంలో ఏ వంతులు కలిసి వచ్చినా, ఆ హారాలన్నీ నిశ్శేషంగా పోయే అతి చిన్న సంఖ్యను వెదకాలి. బడిలో దీనినే కనిష్ఠ సామాన్య గుణిజం, క్లుప్తంగా క.సా.గు., అంటారు. ఫరాయిజ్ పండితులు దీనిని అస్లె మస్అలా, అంటే సమస్యకు మూలసంఖ్య, అన్నారు. పైన చెప్పిన వంతులను ఎలా కలిపినా వచ్చే మూలసంఖ్యలు ఏడే: 2, 3, 4, 6, 8, 12, 24. అన్నింటికన్నా పెద్దదైన 24లో ఆ ఆరు వంతులూ ఇముడుతాయి. సగం 12, నాలుగో వంతు 6, ఎనిమిదో వంతు 3, మూడింట రెండు వంతులు 16, మూడో వంతు 8, ఆరో వంతు 4. ఒక్కటి కూడా విరగదు.

48లోనూ 72లోనూ కూడా అవి ఇముడుతాయి. అవి కూడా సామాన్య గుణిజాలే. అయితే చిన్న సంఖ్య ఉండగా పెద్దదానితో పని చేయడం వల్ల కాగితం మీద అంకెలు పెరుగుతాయే తప్ప ఎవరి వాటా పెరగదు.

రెండు సంఖ్యల మధ్య నాలుగు సంబంధాలు

క.సా.గు. కనుక్కోవడానికి ముందు రెండు సంఖ్యలు ఒకదానికొకటి ఏమవుతాయో చూడాలని మన పూర్వ పండితులు బోధించారు. ఆ సంబంధాలు నాలుగు.

మొదటిది తమాసుల్. రెండు సంఖ్యలు సమానం, 4, 4 వలె. ఒకదానినే తీసుకుంటే చాలు.

రెండవది తదాఖుల్. చిన్నది పెద్దదానిలో నిశ్శేషంగా పోతుంది, 4, 8 వలె. పెద్దదానినే తీసుకుంటాము.

మూడవది తవాఫుఖ్. చిన్నది పెద్దదానిలో పోదు గాని, ఒకటి కన్నా పెద్దదైన మరొక సంఖ్య రెండింటినీ భాగిస్తుంది. 6, 8 ఇటువంటివి. రెండు వాటి సామాన్య కారణాంకం. ఇక్కడ రెండింటినీ పూర్తిగా గుణించకుండా, ఒకదానిని ఆ కారణాంకంతో భాగించి, వచ్చినదానితో రెండవదానిని గుణించాలి. 6ను 2తో భాగిస్తే 3. 3ను 8తో గుణిస్తే 24.

నాలుగవది తబాయున్. ఒకటి తప్ప మరే సంఖ్యా రెండింటినీ భాగించదు, 3, 8 వలె. బడిలో వీటిని సాపేక్ష ప్రధాన సంఖ్యలు అంటారు. వీటిని గుణించడం తప్ప మార్గం లేదు.

అంకెలు పెద్దవైనప్పుడు సామాన్య కారణాంకం చూడగానే కంటికి కనిపించదు. అందుకు ఒక ఉపాయం ఉంది. పెద్ద సంఖ్యలోంచి చిన్నదానిని తీసివేస్తూ పోవాలి. మిగిలినది చిన్నదైతే ఇప్పుడు అవతలి సంఖ్యలోంచి దానిని తీయాలి. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చేదాకా ఇలా సాగాలి. చివర ఒకటి, ఒకటి మిగిలితే తబాయున్. ఒకటి కన్నా పెద్ద సంఖ్య మిగిలితే అదే గరిష్ఠ సామాన్య భాజకం. 8, 6 తీసుకోండి. 8లో 6 పోగా 2. 6లో 2 పోగా 4. 4లో 2 పోగా 2. ఇరువైపులా 2 నిలిచింది.

ఇది క్రీస్తుకు సుమారు 300 ఏళ్ళ పూర్వం గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన గ్రంథపు ఏడవ భాగంలో పొందుపరచిన పద్ధతే. అదే పద్ధతి మన మదరసాలలో హనఫీ విద్యార్థులు చదివే సిరాజీ అనే ఫరాయిజ్ గ్రంథంలోనూ ఉంది. సిరాజుద్దీన్ సజావందీ రచించిన ఆ గ్రంథాన్ని కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం జోన్స్ 1792లో ఆంగ్లంలో ప్రచురించారు. అంతకు ఎంతో ముందే, తొమ్మిదవ శతాబ్దపు బగ్దాదులో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగాన్ని వసీయత్, వారసత్వపు లెక్కలకే కేటాయించారు. బడి పుస్తకంలో పొడి లెక్కగా కనిపించేది వారి చేతిలో హక్కుదారునికి హక్కును చేర్చే సాధనమైంది.

ఆ ఇంటి లెక్క

ఇప్పుడు మళ్ళీ ఆ కాగితం వద్దకు వద్దాము. మృతునికి సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. 8, 6 మధ్య తవాఫుఖ్ ఉన్నది కనుక మూలసంఖ్య 24. భార్యకు 3 భాగాలు, తల్లికి 4 భాగాలు. మిగిలినవి 17.

ఈ 17 సంతానానివి. కుమారునికి రెండు తలలు, కుమార్తెలకు చెరొక తల, మొత్తం 4 తలలు. 17ను 4 భాగించదు. బావమరిది గారు భయపడినది ఇక్కడే. 17లోంచి 4ను నాలుగు సార్లు తీస్తే 1 మిగులుతుంది, అంటే తబాయున్. ఇటువంటప్పుడు మూలసంఖ్యను తలల సంఖ్యతో గుణించాలి. 24ను 4తో గుణిస్తే 96. ప్రతివారి భాగాలూ నాలుగింతలవుతాయి. భార్యకు 12, తల్లికి 16, సంతానానికి 68. అందులో కుమారునికి 34, కుమార్తెలకు చెరి 17. కూడి చూడండి: 12, 16, 34, 17, 17 కలిపితే 96.

తరువాత భూమి. ఎకరానికి 40 గుంటలు. 4 ఎకరాల 32 గుంటలంటే 192 గుంటలు. 192ను 96 భాగాలు చేస్తే ఒక్కో భాగానికి 2 గుంటలు. భార్యకు 24 గుంటలు, తల్లికి 32, కుమారునికి 68, కుమార్తెలకు చెరి 34 గుంటలు. ఒక్క గజం కూడా విరగలేదు.

కాగితాన్ని పైకి చదువుతుండగా మూలన మంచం మీద పడుకున్న వృద్ధురాలు తల ఎత్తి, "నాకూ రాశారా, బేటా?" అని అడిగారు. అప్పటిదాకా మాకు స్ఫురించలేదు. మొదటి ప్రతిపాదనలో కుమార్తెలకు కొంత డబ్బు అన్నారు గాని, ఆమె ఊసే ఎవరూ ఎత్తలేదు. కుమారుని ఆస్తిలో ఆ తల్లికి 32 గుంటల హక్కు ఉన్నది.

కారణాంకం చేసే మేలు

ప్రతిసారీ గుణిస్తూ పోవలసిన అవసరం లేదు. ఒక స్త్రీ మరణించి భర్తను, ఇద్దరు కుమారులను, ఇద్దరు కుమార్తెలను విడిచి వెళ్ళిందనుకోండి. సంతానం ఉన్నందున భర్తకు నాలుగో వంతు. మూలసంఖ్య 4. భర్తకు 1, సంతానానికి 3. తలలు 6. మూడు భాగాలను ఆరు తలలకు పంచాలి. తొందరపడి 4ను 6తో గుణిస్తే 24 వస్తుంది. పంపకం తప్పు కాదు గాని అనవసరంగా పెద్దదవుతుంది. 3, 6లకు సామాన్య కారణాంకం 3. ఆరును మూడుతో భాగిస్తే 2. నాలుగును రెండుతో గుణిస్తే 8 చాలు. భర్తకు 2, కుమారులకు చెరి 2, కుమార్తెలకు చెరి 1. ఎనిమిది భాగాల లెక్కను అక్షరాలు రాని తల్లి కూడా వేళ్ళ మీద సరిచూసుకోగలదు. ఇరవై నాలుగు భాగాల లెక్కను ఆమె ఇతరుల మాట మీద నమ్మవలసి వస్తుంది. చిన్న సంఖ్య కోసం ఇంత ప్రయాస ఇందుకే.

అప్పుడప్పుడు వంతుల మొత్తం ఒకటిని మించుతుంది. భార్య, ఇద్దరు కుమార్తెలు, తల్లి, తండ్రి ఉన్న కుటుంబాన్ని చూడండి. 24లో భార్యకు 3, కుమార్తెలకు 16, తల్లికి 4, తండ్రికి 4. కూడితే 27. అటువంటప్పుడు ఎవరినీ తొలగించకుండా, మొత్తం భాగాలనే 27గా లెక్కించి అందరి వాటాలనూ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తారు. దీనిని ఔల్ అంటారు. హజ్రత్ అలీ (రజి) మింబర్‌పై ప్రసంగిస్తుండగా ఈ సమస్యను ఒకరు అడిగారని, ఆయన ప్రసంగం ఆపకుండానే భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతయిందని బదులిచ్చారని ఉల్లేఖనం. అందుకే దీనికి మింబరియ్యా సమస్య అని పేరు. 27లో 3 అంటే ఏమిటి? రెండింటికీ సామాన్య కారణాంకం 3. భాగిస్తే తొమ్మిదింట ఒకటి. ఆ సమాధానం వెనుక ఉన్నది ఈ కారణాంకమే.

ఆలస్యం పెంచే అంకెలు

"ఇప్పుడేం తొందర? అందరం కలిసే ఉన్నాం కదా" అనే మాట మీరూ విని ఉంటారు. ఆ మాట ఖరీదెంతో లెక్కించి చూద్దాము. పైన చెప్పిన ఇంట పంపకం జరగకముందే, అల్లాహ్ కాపాడుగాక, ఆ కుమారుడు తల్లిని, భార్యను, ఒక కొడుకును విడిచి మరణించాడనుకోండి. అతని 34 భాగాలకు మళ్ళీ మూలసంఖ్య 24. భార్యకు 3, తల్లికి 4, కొడుకుకు 17. తల్లి బతికి ఉన్నందున నాయనమ్మకు ఇందులో వాటా రాదు. కొడుకు ఉన్నందున అక్కచెల్లెళ్ళకూ రాదు.

34 భాగాలను 24 భాగాలుగా చేయాలి. 34లో 24 పోగా 10. 24లో 10 పోగా 14, అందులో మళ్ళీ 10 పోగా 4. 10లో 4 పోగా 6, అందులో 4 పోగా 2. 4లో 2 పోగా 2. సామాన్య కారణాంకం 2. కనుక 34కు 17, 24కు 12 నిలుస్తాయి. మొదటి మూలసంఖ్య 96ను 12తో గుణిస్తే 1152. మొదటి వారసుల భాగాలను 12తోనూ, రెండవ మృతుని వారసుల భాగాలను 17తోనూ గుణించాలి. వృద్ధురాలికి 192, కుమార్తెలకు చెరి 204. తల్లికి భర్త నుండి 144, కొడుకు నుండి 68, మొత్తం 212. కోడలికి 51, మనవడికి 289. అన్నీ కలిపితే 1152.

ఒక్క మరణంతో 96 భాగాల ఆస్తి 1152 భాగాలైంది. ఒక్కో భాగం గుంటలో ఆరో వంతు, సుమారు 20 చదరపు గజాలు. కుమార్తెల హక్కు మాత్రం మారలేదు. 204ను 6తో భాగిస్తే అవే 34 గుంటలు. అయితే ఇప్పుడు సంతకం చేయవలసినవారిలో వితంతువైన కోడలు, ఆమె పసివాడు కూడా చేరారు. లెక్క ఇప్పటికీ తెగుతుంది. మనుషుల మధ్య తెగడమే కష్టమవుతుంది. తరాల తరబడి పంచని భూములలో అంకెలు ఎంత దూరం పోతాయో ఊహించుకోండి.

లెక్క చెప్పనివి

అంకెలు అన్నీ తేల్చవన్నది కూడా గ్రహించాలి. ఎవరు వారసులు, ఎవరి వల్ల ఎవరికి వాటా రాదు అన్నది ధర్మశాస్త్ర విషయం. దానిని విద్వాంసుల వద్ద నిర్ధారించుకోవాలి. రిజిస్ట్రేషన్ విషయాలను న్యాయవాదిని అడగాలి. రోడ్డు పక్క గుంట, బోరుబావి ఉన్న గుంట, రాళ్ళ గుంట ఒకే విలువ చేయవు. అందువల్ల ముందు విలువ కట్టి, ఆ తరువాత భాగాలు వేయాలి. ముక్కలు చేయలేని ఇల్లయితే వెల కట్టి, ఎవరైనా ఉంచుకుని మిగిలినవారికి డబ్బు చెల్లించవచ్చు. 96 భాగాల ఆస్తి 48 లక్షలు పలికితే ఒక్కో భాగం 50 వేలు. కుమార్తెకు 8 లక్షల 50 వేలు. పెళ్ళి ఖర్చు పేరుతో ఇందులోంచి తగ్గించే అధికారం సోదరునికి లేదు. తండ్రి బతికి ఉండగా బిడ్డ మీద పెట్టిన ఖర్చు వారసత్వపు వాటా కాదు.

ఒక సోదరి ఇష్టపూర్వకంగా తన వాటాను సోదరునికి ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు. అయితే తనకు ఎంత వస్తుందో తెలియని మనిషి దేనిని వదులుకుంటున్నట్లు? పుట్టింటి గడప మళ్ళీ తొక్కనివ్వరేమోనన్న భయంతో చేసిన సంతకాన్ని కానుక అనవచ్చునా? ముందు లెక్క ఆమె ముందుంచండి. వాటా ఆమె చేతికి అందనివ్వండి. ఆ తరువాత ఆమె ఇష్టం.

ఆ రోజు ఆ ఇంట అన్నీ ఒక్కసారిగా చక్కబడ్డాయని మేము చెప్పడం లేదు. బావమరిది గారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు కాగితాన్ని మడిచి మేనల్లుని చేతికిస్తూ, "రేపు సర్వేయరును పిలిపించు" అన్నారు. ఆ కాగితానికి నకలు ఒకటి తమకూ కావాలని కుమార్తెలు అడిగారు. నకలు మేమే రాసి ఇచ్చాము.

సోదర సోదరీమణులారా! ఈ మాసం మీ ఇంట ఆరో తరగతి చదివే బిడ్డ క.సా.గు. లెక్కల ముందు విసుగుతో కూర్చుంటే, పక్కన కూర్చోండి. మీ కుటుంబంలోని వారసుల జాబితా రాసి, భాగాలు తేల్చమని ఆ బిడ్డనే అడగండి. తీసివేతలు ఆ బిడ్డ చేస్తుంది, కూడిక మీరు సరిచూడండి. ఆ పట్టికను ఇంటి కాగితాలతో భద్రపరచండి, విద్వాంసులకు చూపించండి. ఎవరి హక్కు వారికి చేర్చే శక్తిని, ఇతరుల హక్కును వాడుకోకుండా నిగ్రహించుకునే భయభక్తులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.